అప్‌డేట్ తర్వాత కారు ఎందుకు మాట వినదు?

రేసింగ్ గేముకు అప్‌డేట్ వచ్చినప్పుడు దానితో పాటు ఇచ్చే వివరాల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: "వాహనాల భౌతిక నమూనాను మెరుగుపరిచాం." అంతకు మించి ఏమీ ఉండదు. ఏ కార్లకు, ఎంత మేరకు, ఏ పరిస్థితిలో అన్న ప్రశ్నలకు జవాబు దొరకదు. ఆట తెరిచి చూస్తే, నిన్నటి దాకా మూడో గేరులో నిశ్చింతగా దాటిన మలుపులో కారు వెనుక భాగం పక్కకు జారిపోతుంది. పరీక్షించకుండానే మా మీదికి వదిలారని ఆటగాళ్లు మండిపడతారు. నెలల తరబడి పరీక్షించామని తయారీదారులు అంటారు. చాలా సందర్భాల్లో రెండూ నిజమే. పరీక్షలు జరుగుతాయి, కానీ అవి కొలిచేది ఒకటి, ఆటగాడి చేతికి తగిలేది మరొకటి.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే టైరు దగ్గర మొదలుపెట్టాలి.

కారు చేతికి లొంగే తీరునే హ్యాండ్లింగ్ అంటారు, కానీ ఆ పేరుతో ఆట లోపల ఒక మీట ఏదీ ఉండదు. బరువు ఎక్కడ ఉంది, స్ప్రింగులు ఎంత గట్టివి, గాలి కారును కిందికి ఎంత నొక్కుతోంది, ఇంజిన్ శక్తి చక్రాల మధ్య ఎలా పంపిణీ అవుతోంది... ఈ లెక్కలన్నీ చివరికి రోడ్డును తాకే నాలుగు అరచేతులంత రబ్బరు దగ్గరికి వచ్చి చేరతాయి. కారు ఏం చేయాలన్నా ఆ రబ్బరు ఒప్పుకోవాలి.

మలుపులో టైరు చూసే దిశ వేరు, నిజంగా కదిలే దిశ వేరు. ఈ రెంటి మధ్య కోణమే స్లిప్ కోణం. కోణం పెరిగే కొద్దీ టైరు పక్కకు చూపే బలం పెరుగుతుంది, కొన్ని డిగ్రీల దగ్గర శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ పచేకా 1980లలో సహచరులతో కలిసి ఈ వక్రరేఖను ఒక సమీకరణంలో పట్టుకున్నారు. దానికి మ్యాజిక్ ఫార్ములా అనే పేరు స్థిరపడింది. భౌతిక సూత్రాల నుంచి మెట్టుమెట్టుగా రాబట్టినది కాదు కానీ కొలతలకు చక్కగా అతుకుతుంది, అందుకే ఆ పేరు. రేసింగ్ గేముల్లో చాలా కాలంగా దీనినో, దీని వారసులనో వాడుతున్నారు. రబ్బరును కుంచె వెంట్రుకల వరుసగా ఊహించి లెక్కకట్టే నమూనాలూ ఉన్నాయి. ఏది వాడినా వక్రరేఖ ఆకారం మాత్రం అదే: ఎక్కుడు, శిఖరం, దిగుడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. శిఖరం ఎత్తు ల్యాప్ సమయాన్ని నిర్ణయిస్తుంది. దిగుడు వాలు, డ్రైవరు పొరపాటు చేసినప్పుడు ఏమవుతుందో నిర్ణయిస్తుంది. దిగుడు మెల్లగా ఉంటే కారు జారుతున్నా సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. నిటారుగా ఉంటే పట్టు ఒక్కసారిగా తెగిపోతుంది. ఇప్పుడు ఒక ఇంజినీరు శిఖరాన్ని అలాగే ఉంచి దిగుడును మాత్రం కాస్త నిటారుగా చేశాడనుకుందాం. తనిఖీకి పెట్టుకున్న నిపుణులు శిఖరం అంచునే నడుపుతారు. తనంతట తానే ల్యాపులు తిరిగే కంప్యూటర్ డ్రైవరూ అంతే. కొత్త ల్యాప్ సమయాలు పాత వాటికి పదో వంతు సెకను తేడాతో సరిపోతాయి. పట్టికలో అన్ని గడులూ పచ్చగా ఉంటాయి. ఆట బయటికి వెళ్తుంది. సాధారణ ఆటగాడు ప్రతి రెండు మూడు మలుపులకు ఒకసారి శిఖరం దాటి అవతలికి జారేవాడే కాబట్టి, అతనికి అదే కారు మంచు మీద ఉన్నట్టు అనిపిస్తుంది.

అతని ఫిర్యాదును ల్యాప్ సమయాల పట్టికతో తోసిపుచ్చడం చాలా సులభం. తోసిపుచ్చుతారు కూడా.

2024 మే నెలాఖరులో విడుదలైన ఎఫ్1 24ను చూడండి. కొత్త హ్యాండ్లింగ్ వ్యవస్థ ఆ ఆటకు ప్రధాన ఆకర్షణ అని దాన్ని తెచ్చిన ఈఏ స్పోర్ట్స్, కోడ్‌మాస్టర్స్ సంస్థలు ప్రచారం చేశాయి. అప్పటి ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ మాక్స్ వెర్‌స్టాపెన్ సలహాలు కూడా తీసుకున్నారు. తీరా ఆట వచ్చాక, ముందు చక్రాల పట్టు అతిగా ఉందని, స్టీరింగ్ తిప్పగానే కారు ఉన్నచోటే తిరిగిపోతున్నట్టుందని అనుభవజ్ఞులైన ఆటగాళ్లే విమర్శించారు. కొద్ది వారాల్లోనే హ్యాండ్లింగ్‌ను సవరిస్తూ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. ఛాంపియన్ సలహాకు విలువ లేదని కాదు. కానీ ఆటను కొనేవారిలో ఆయనలా నడిపేవారు ఎందరు? ముందు భాగం చురుగ్గా తిరగాలని, వెనుక భాగం వదులుగా ఉన్నా ఫరవాలేదని కోరుకునే డ్రైవరుగా ఆయనకు పేరుంది. ఒక్క అభిరుచి ఎంత గొప్పదైనా పరీక్ష స్థానంలో నిలబడదు.

ఇక టైరులో ఒక్క సంఖ్య మారితే ఎన్నిటికి తగులుతుందో చూద్దాం. టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. యాంటీ రోల్ బార్, అంటే మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ, కారు స్వభావాన్ని మార్చగలిగేది ఈ చిన్న లోటు వల్లే. ముందు బార్‌ను గట్టి చేస్తే మలుపులో బయటి ముందు టైరు మీదికి మరింత భారం వెళ్తుంది, ముందు జత మొత్తం పట్టు కొద్దిగా తగ్గుతుంది, కారు తిరగడానికి కాస్త మొండికేస్తుంది. వెనుక బార్‌తో దీనికి వ్యతిరేకం. ఇప్పుడు టైర్లను మచ్చిక చేద్దామని ఎవరో ఆ లోటును తగ్గిస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ క్షణం నుంచి ఆటలోని ప్రతి కారులోనూ యాంటీ రోల్ బార్ ప్రభావం తగ్గిపోయింది. ఆటగాళ్లు ఏళ్ల తరబడి కూర్చుకున్న సెటప్‌లు, అంటే కారు భాగాల అమరికలు, అర్థం కోల్పోయాయి. సెటప్ తెరను ఎవరూ ముట్టుకోలేదు, అందువల్ల దాన్ని మళ్లీ పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

అన్నీ పరీక్షించవచ్చు కదా అంటారా? లెక్క వేద్దాం. ఆటలో 400 కార్లు, 9 రకాల టైర్లు, 30 ట్రాకులు ఉన్నాయనుకుంటే జతలు 1,08,000. ఒక్కో జతకు రెండు నిమిషాల ల్యాప్ ఒక్కటి చొప్పున నడిపినా 3,600 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున ఒక మనిషికి 450 రోజులు. గేమ్‌ప్యాడ్‌తో ఒకసారి, స్టీరింగ్ చక్రంతో ఒకసారి అంటే అది 900 రోజులవుతుంది. వాన, రాత్రి, ఇంధనం బరువు, సెటప్ మార్పులు ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా ఒక్క ల్యాప్‌తో తెలిసేది చాలా తక్కువ. ఈ పని అయ్యేలోగా టైరు ఇంజినీరు మరో రెండు మార్పులు చేసి ఉంటాడు. కాబట్టి ఎవరైనా కొన్నిటిని ఎంచుకుని పరీక్షించాల్సిందే. ఎంచుకునేవి సహజంగానే పేరున్న కార్లు, పేరున్న ట్రాకులు. మూలన పడి ఉన్న పాత ముందు చక్రాల చోదక కారును ఎవరూ పట్టించుకోరు, దాన్నే ఇష్టపడే వేలమంది ఆటగాళ్లు తప్ప.

ఆలస్యంగా బయటపడే లోపాలదీ ఇదే కథ. టైరు జారితే వేడెక్కుతుంది, వేడి మితిమీరితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది. ఈ వలయం పదో ల్యాప్ దగ్గర మొదలైతే మూడు ల్యాపుల పరీక్షకు అది దొరకదు.

టైరు లెక్కకూ ఆటగాడి చేతికీ మధ్య మరో పొర ఉంది. చర్చల్లో దాని గురించి పెద్దగా వినిపించదు, గొడవల్లో చాలా భాగం మాత్రం అక్కడే పుడుతుంది. నిజమైన స్టీరింగ్ చక్రం 900 డిగ్రీలు తిరగవచ్చు. గేమ్‌ప్యాడ్ స్టిక్ బొటనవేలి కింద రవ్వంత కదులుతుంది. ఆ కదలికను యథాతథంగా ముందు చక్రాలకు అందిస్తే సరళమైన దారిలో కూడా కారును నిలపలేం. అందుకే మధ్యలో ఒక వడపోత ఉంటుంది: చక్రాలు ఎంత త్వరగా తిరగాలి, వేగం పెరిగే కొద్దీ ఎంత తక్కువ తిరగాలి అని అది నిర్ణయిస్తుంది. స్టిక్‌ను చివరిదాకా తోసినా ముందు టైర్లు శిఖరానికి దగ్గరగానే ఉండేలా దీన్ని సర్దుతారు. ఇప్పుడు శిఖరం 8 డిగ్రీల నుంచి 6 డిగ్రీలకు జరిగిందనుకోండి. వడపోత మాత్రం ఇంకా 8 దగ్గరే ఉంది. గేమ్‌ప్యాడ్ పట్టుకున్న ప్రతి ఒక్కరూ ప్రతి మలుపులోనూ శిఖరం దాటిపోతారు. ముందు చక్రాలు జారి కారు తిన్నగా పోతుంది. స్టీరింగ్ చక్రం ఉన్నవారికి ఏ తేడా తెలియదు, కొందరైతే కారు బాగుపడిందని మెచ్చుకుంటారు కూడా. ఇరువర్గాలూ ఒకరినొకరు చేతకానివారని తిట్టుకుంటాయి. ఇద్దరూ ఉన్నది ఉన్నట్టే చెబుతున్నారు.

స్టీరింగ్ చక్రం వాడేవారికి వేరే కష్టం ఉంది. మలుపులో చక్రాలను తిరిగి నిటారుకు లాగే బలం ఒకటి ఉంటుంది. పట్టు శిఖరానికి చేరడానికి కాస్త ముందే ఈ బలం తగ్గడం మొదలవుతుంది. స్టీరింగ్ కొంచెం తేలికైనట్టు చేతులకు అందే ఈ సూచనే అనుభవజ్ఞుడికి హెచ్చరిక. టైరు నమూనా మారితే ఆ హెచ్చరిక వచ్చే క్షణం కూడా మారుతుంది. కారు నిజానికి మునుపటంత పట్టుతోనే ఉన్నా హెచ్చరిక ఆలస్యమైతే డ్రైవరు ఆలస్యంగా స్పందిస్తాడు, కారు గిర్రున తిరిగిపోతుంది, పట్టు పోయిందని అతను ఫిర్యాదు చేస్తాడు. ఇంజినీరు పట్టును కొలిచి చూసి ఏ మార్పూ లేదంటాడు. ఇద్దరి మధ్య ఇలాంటి సంభాషణ నెలల పాటు సాగగలదు.

ఇప్పటిదాకా చెప్పినవి మనిషి చేతికే తెలిసే లోపాలు. యంత్రమే పట్టుకోగల లోపాలు కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో ఇంత సానుభూతి అక్కర్లేదు. ఆట కారు కదలికను నిరంతరంగా లెక్కించదు. సెకనును ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒకసారి లెక్క వేస్తుంది. ఐరేసింగ్ అనే ఆటలో సెకనుకు 360 సార్లు, అసెట్టో కోర్సా అనే ఆటలో 333 సార్లు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 83 మీటర్లు దాటుతుంది. సెకనుకు 60 లెక్కలే ఉంటే ఒక్కో లెక్కకు మధ్య దాదాపు 1.4 మీటర్లు గడిచిపోతాయి; 360 ఉంటే 23 సెంటీమీటర్లు. స్ప్రింగు చాలా గట్టిదై, ముక్క పొడవుగా ఉంటే ఏమవుతుందంటే, స్ప్రింగు చక్రాన్ని అవసరమైన దానికంటే దూరం నెట్టేస్తుంది, మరుసటి లెక్కలో అంతకంటే బలంగా వెనక్కి నెడుతుంది, ఆ మరుసటి లెక్కలో ఇంకా బలంగా. ఎక్కడి నుంచీ రాని శక్తి కారులోకి చేరుతూ పోతుంది. కారు వణికి, ఎగిరి, ఆకాశంలోకి పోతుంది.

గ్రాన్ టురిస్మో 7కు 2024 జులైలో 1.49 అప్‌డేట్ వచ్చినప్పుడు ఆటగాళ్లు ఇలాంటి దృశ్యాలనే చూశారు. భౌతిక నమూనాలో మార్పులు చేసిన అప్‌డేట్ అది. కొన్ని కార్లు, కొన్ని అమరికలతో నేల మీద నిలవకుండా గెంతి గాలిలోకి లేచిపోయాయి. సంస్థ లోపాన్ని ఒప్పుకుని కొద్ది రోజుల్లోనే సరిదిద్దింది. ఆ వీడియోలు చూసి నవ్వుకున్నవారిలో నేనూ ఉన్నాను. కానీ ఏ ఆటలోనైనా సెటప్ తెరలోని ప్రతి మీటను ఈ చివరకూ ఆ చివరకూ జరిపి, కంప్యూటర్ డ్రైవరు చేత గతుకుల మీద నడిపించి, చక్రాలు నేలను వదిలిన ఎత్తును నమోదు చేయడం రాత్రికి రాత్రి యంత్రాలు చేయగల పని. అనుభూతి ఇందులో అవసరమే లేదు. పదుల మీటర్ల ఎత్తుకు ఎగిరిన కారు తప్పని ఒక చిన్న ప్రోగ్రాము కూడా చెబుతుంది.

పరీక్ష అన్నదే లేకపోతే ఆట ఎలా ఉంటుందో చూడాలనుకుంటే 2003లో వచ్చిన బిగ్ రిగ్స్ ఉంది. లారీలు భవనాల గుండా దూసుకుపోతాయి, పోటీదారు బయలుదేరే గీత దగ్గరే నిలబడి ఉంటాడు, వెనక్కి నడిపితే వేగానికి హద్దే ఉండదు. నేటి ఫిర్యాదుల్లో ఒక్కటీ ఆ స్థాయిది కాదు. పరీక్షించనే లేదన్న నింద నేటి ఆటలకు అతకదు. ఏది పరీక్షించాలో తప్పుగా ఎంచుకున్నారన్న నింద మాత్రం బాగా అతుకుతుంది.

పరీక్షించే మనుషుల సంగతీ చూడాలి. మనిషి చెయ్యి చాలా త్వరగా అలవాటుపడుతుంది. రోజంతా అదే కారు నడిపేవారు సాయంత్రానికి దాని వంకరలను తెలియకుండానే సర్దుకుంటారు. వారానికి కారు సహజంగా అనిపిస్తుంది. మార్పు ఫలానా చోట జరిగిందని ముందే తెలిసి ఉంటే అక్కడే మెరుగు కనిపిస్తుంది కూడా. పాతదీ కొత్తదీ ఏదో చెప్పకుండా ఇచ్చి నడిపించడం, ప్రతిసారీ కొందరు కొత్తవారిని తీసుకురావడం దీనికి తెలిసిన మందులే. ఖర్చు, సమయం రెండూ అడుగుతాయి కాబట్టి ముందు కోతపడేవీ ఇవే. హ్యాండ్లింగ్ పనిలో మరో క్రమం కూడా ఉంది: టైరు కుదరాలి, తర్వాత సస్పెన్షన్, తర్వాత గేమ్‌ప్యాడ్ వడపోత, తర్వాత కంప్యూటర్ ప్రత్యర్థుల వేగం. ముందు పని ఆలస్యమైతే చివరి రెండు పనులకు మిగిలేది కొద్ది రోజులే. విడుదల తేదీ మాత్రం కదలదు. కన్సోల్ తయారీదారులు విడుదలకు ముందు చేసే తనిఖీ ఆట ఆగిపోతోందా, సేవ్ పాడవుతోందా వంటివి చూస్తుంది. కారు చక్కగా తిరుగుతోందా అన్నది వారి పని కాదు.

నిజమైన కార్ల ప్రపంచం ఈ సమస్యను ఎప్పుడో ఎదుర్కొంది. 1997లో మెర్సిడెస్ ఎ-క్లాస్ స్వీడన్‌లో ఒక పత్రిక చేసిన పరీక్షలో బోల్తా పడింది. రోడ్డుకు అడ్డొచ్చిన జంతువును తప్పించి మళ్లీ సొంత వరుసలోకి వచ్చే విన్యాసం అది. కంపెనీ సరఫరా ఆపి, సస్పెన్షన్ మార్చి, అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థను అమర్చాల్సి వచ్చింది. నిలకడైన వృత్తంలో కారు స్వభావాన్ని కొలిచే, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 4138, వరుస మార్చే విన్యాసాలకు ఐఎస్ఓ 3888 వంటి ప్రమాణాలు అక్కడ ఉన్నాయి. వీటిలో ల్యాప్ సమయం ప్రసక్తే లేదు. కారు హద్దు దగ్గర, హద్దు దాటాక ఎలా ప్రవర్తిస్తుందన్నదే కొలత. గేమ్ తయారీదారుకు ఇవి ఇంకా సులభం. ట్రాకు అద్దె లేదు, టైర్లు అరగవు. ప్రతి మార్పుకు ముందూ తర్వాతా ప్రతి కారును వృత్తంలో తిప్పి, ఒక్కసారిగా స్టీరింగ్ కొట్టి, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలేసి, కారు జారిన కోణాన్ని పోల్చి చూస్తే దిగుడు వాలులోని మార్పు ఆ రాత్రే దొరికిపోతుంది. అది బాగుందా లేదా అన్నది మాత్రం మనిషే చెప్పాలి. మార్పు జరిగిందని తెలిశాక అడగడం వేరు, ఆటగాళ్లు చెబితే తెలుసుకోవడం వేరు.

తప్పు బయటపడ్డాక వెనక్కి తిప్పేయవచ్చు కదా అనిపిస్తుంది. అదీ తేలిక కాదు. రెండు వారాల్లో కొందరు కొత్త కారుకు అలవాటుపడతారు, కొత్త రికార్డులు నెలకొల్పుతారు, లీగులు సగం సీజన్ నడిపేస్తాయి. ఈ విషయంలో ట్రాక్‌మేనియా అనే ఆట దారి నాకు నచ్చుతుంది. అందులో మంచు మీద కారు ప్రవర్తనను మార్చినప్పుడు, పాత ట్రాకులు పాత భౌతిక నియమాలతోనే నడిచేలా ఉంచారు. కొత్తగా తయారైన ట్రాకులకే కొత్త నియమాలు. వేలమంది తయారుచేసిన ట్రాకులు, వాటి మీది రికార్డులు చెక్కుచెదరలేదు. ఐరేసింగ్ ఏడాదిని నాలుగు సీజన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి 12 వారాలిచ్చి, పెద్ద మార్పులను సీజన్ల మధ్య వచ్చే పదమూడో వారానికి అట్టిపెడుతుంది. లోపాలు అక్కడా వస్తాయి కానీ పోటీ మధ్యలో కాదు. డర్ట్ ర్యాలీ అనే ఆట 2015 ఏప్రిల్‌లో అసంపూర్ణంగానే, అసంపూర్ణమని చెప్పే, అమ్మకానికి వచ్చింది. డిసెంబరు నాటికి పూర్తి రూపు తీసుకుంది. పరీక్షించేది మీరేనని ముందే చెప్పి చేయించుకోవడంలో తప్పేమీ లేదు, పూర్తయిందని చెప్పి పూర్తి ధరకు అమ్మాక చేయించుకోవడంలోనే ఉంది.

అతిజాగ్రత్త కూడా ఒక దారే, దాని ధర దానికుంది. ముగ్గురు మనుషులే తయారుచేసిన లైవ్ ఫర్ స్పీడ్ అనే ఆటలో 2009లో ప్రకటించిన ఫోక్స్‌వ్యాగన్ సిరోకో కారు, టైరు నమూనా తృప్తిగా కుదరనందున ఏళ్ల తరబడి ఆగిపోయింది.

ఇక మీ చేతిలోని ఆట మారిందని అనిపిస్తే చేయాల్సిన మొదటి పని, అప్‌డేట్ మీ స్టీరింగ్ అమరికలను తుడిచేసిందేమో చూడటం. చాలా ఆటల్లో ఇది జరుగుతుంది. తర్వాత సెటప్‌ను మొదటి స్థితికి తెచ్చి, ఎవరూ లేని విశాలమైన చోట ఒకే వేగంతో వృత్తంలో తిప్పి చూడండి. కారు బయటికి పోతోందా, లోపలికి ముడుచుకుంటోందా? యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే ఏమవుతోంది? గేమ్‌ప్యాడ్‌తోనూ చక్రంతోనూ ఒకటేనా? మొదటి ల్యాపులోనే ఉందా, టైర్లు వేడెక్కాక వస్తోందా? "హ్యాండ్లింగ్ చెత్తగా ఉంది" అని రాసే వెయ్యి మంది కంటే, "గేమ్‌ప్యాడ్‌తో, మూడో గేరులో, ఎనిమిదో ల్యాప్ తర్వాత, యాక్సిలరేటర్ వదలగానే వెనుక భాగం జారుతోంది" అని రాసిన ఒక్కరి మాటతో ఇంజినీరు ఏ ఫైలు తెరవాలో తెలుసుకుంటాడు.